కుడిచేతి బొటనవేలు

మా వదిన పెబ్బేరు సంతలో మేకను కొన్నదని పక్కింటి పెంటమ్మ చెప్పింది. పెంటమ్మ కూడా కళ్లతో చూసింది కాదు. ఎద్దుల బేరానికి పోయిన ఆమె మరిది చూశాడట. ఆయన చూసింది మా వదిన చేతిలో తాడు, తాడు చివర మేక, అంతవరకే. అది సూడిమేక అని, బేరం మా వదినే ఆడిందని, పక్కన అన్నదమ్ములెవరూ లేరని, ఇవన్నీ సంత నుంచి మా ఊరు చేరేలోపు కలిసిన సంగతులు.

"నీకు చెడ్డ కావాలని గాదు ఈదక్కా," అంది పెంటమ్మ మా గడపలో కూచుని, మా అమ్మ చేటలోని పల్లికాయలు ఒలుచుకుని తింటూ. "తల్లిగారింటికి పోయిన పిల్ల చీర కొన్నదంటే మల్ల ఒస్తదనుకోవచ్చు. చీర యాడికైనా కట్టుకపోవచ్చు. మేకను కొన్నదంటే ఆడ గుంజ పాతినట్టే. అది ఈనాలె, పిల్లలు పెరగాలె, అమ్మాలె. ఇగ ఒచ్చినట్టే!"

"మేకను తోలుకొనే రావచ్చు గద," అంది మా అమ్మ. "మా వాకిట్ల మేక తిరగొద్దన్నమా?"

"ఒస్తే మంచిదేనక్కా, నేను ఒద్దంటున్ననా?" అని పెంటమ్మ ఇంకో నాలుగు కాయలు కొంగులో పోసుకుని లేచింది.

అది 2008లో శివరాత్రి ముందటి మాట. దసరా పండక్కని తల్లిగారింటికి పోయిన మా వదిన యమున, దీపావళికి రాలేదు. పీర్ల పండక్కీ రాలేదు. నాలుగేళ్ల పిల్ల తేజస్విని కూడా ఆమె దగ్గరే ఉంది. మా అన్న సాయన్నను అడిగితే "ఒస్తది, యాడికి పోతది" అనేవాడు. గద్వాలలో కిస్తీల మీద తీసుకున్న ఆటో ఒకటి ఉండేది ఆయనకు. అది తిరిగిన దినాలకంటే స్టాండులో నిలబడ్డ దినాలే ఎక్కువ.

నేను గద్వాలలో డిగ్రీ చదివి, రెండేళ్లు ఉద్యోగాల కోసం తిరిగి, చివరికి అంతకుముందు ఏడు మా ఊళ్లోనే ఉపాధి హామీ పనికి ఫీల్డ్ అసిస్టెంటుగా కుదిరాను. పనికొచ్చిన కూలీల పేర్లు మస్టరు కాగితంలో రాయడం, సంతకమో వేలిముద్రో తీసుకోవడం, పొద్దెక్కాక గుంతలు కొలవడం నా కొలువు. రాసింది మండలాఫీసులో కంప్యూటర్‌కు ఎక్కేది, కూలి పోస్టాఫీసు పాసుబుక్కులో పడేది.

పెంటమ్మ వచ్చిపోయిన వారానికే గుట్ట కింద పని మొదలైంది. వాననీళ్లు పారిపోకుండా ఆపే గుంతలు తవ్వాలి. మొదటిరోజు పొద్దున రాయి మీద మస్టరు పరుచుకుని కూచుంటే మా అమ్మ గడ్డపార భుజాన వేసుకుని వచ్చి నా నెత్తిన నిలబడింది.

"యమున పేరు రాసినవా?"

"వదిన ఈడ లేదు గదనే."

"ఉపాధి కార్డు మీద ఉన్నదా, లేదా?"

"కార్డు మీద ఉంటే సాలదమ్మా, పనిల గూడ ఉండాలె."

"పని నేను చేస్త. నాకు రెండు గుంతలకు ముగ్గు పోసి కొలత గియ్యి."

చుట్టూ నలభై మంది ఉన్నారు. నేను గొంతు తగ్గించి, అట్లా రాయడం తప్పని, నా నౌకరీకి దెబ్బని చెప్పాను. మా అమ్మ గొంతు తగ్గించలేదు.

"మీ నాయిన సచ్చినంక రేషన్ కార్డు మీద పేరు కొట్టేసిండ్రు సూడు, ఎర్ర గీత గీసి. గది సచ్చినోల్లకు గీసే గీత. ఈ ఏడు పేరు రాయకపోతే ఒచ్చే ఏడు కార్డుల నుంచి తీసేస్తరు. బతికున్న పిల్లకు గీత గీస్తరా? అది ఒచ్చి, నా పేరేదని అడిగితే ఏం చెప్త? నువ్వు చెప్తవా?"

వెనక నుంచి ఎవరో "రాయి బాలస్వామీ, మీ అమ్మ ఒట్టిగ తీసుకుంటున్నదా, కష్టం చేస్త అంటుంది గద" అన్నారు. నేను రాశాను. పేరు పక్కన మా అమ్మ వేలిముద్ర వేయబోయి ఆగింది. అంతకుముందే తన పేరు పక్కన ఎడమచేతి బొటనవేలు వేసి ఉంది. ఇప్పుడు చేయి మార్చి కుడిచేతి బొటనవేలు సిరాలో ముంచింది.

"ఇది యమునది," అంది. "కలిసిపోతే మంచిగుండదు."

ఆ ఎండాకాలమంతా మా అమ్మ రెండు గుంతలు తవ్వింది. తెల్లారకముందే గుట్ట కిందికి పోయేది. అందరూ ఒక గుంత పూర్తి చేసి పది గంటలకు చెట్ల నీడకు చేరితే, మా అమ్మ రెండో గుంతలో మోకాలి లోతున ఉండేది. గరుకు నేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. లోతు కొలవడానికి మధ్యలో ఒక మట్టిదిమ్మె వదలాలి. తన గుంతలో ఆ దిమ్మె వంకరగా ఉన్నా పట్టించుకునేది కాదు గానీ, కోడలి గుంతలో దిమ్మె చుట్టూ చేత్తో నున్నగా సర్దేది. నేను టేపు పట్టుకుని పోతే "సరిగ సూడు, తక్కువున్నదని మల్ల మాట రావొద్దు" అనేది. తక్కువ ఎప్పుడూ రాలేదు.

వదిన పాసుబుక్కు మా ఇంట్లో పెట్టెలోనే ఉండిపోయింది. పోస్టాఫీసు నడిపేది మా ఊరాయనే. మా అమ్మ రెండు పాసుబుక్కులు పట్టుకుపోయి, రెండు వేళ్లు వేసి, రెండు కూలీలు తెచ్చేది. కోడలి కూలి చక్కెర డబ్బాలో పెట్టేది. ఉగాది తర్వాత రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాయి. మా రేషన్ కార్డులో మనిషికి నాలుగు కిలోల చొప్పున వదినకు, పిల్లకు వచ్చే ఎనిమిది కిలోలు వేరే సంచిలో పోసి మూతి కట్టేది. మాకు నెలాఖరున బియ్యం అయిపోయినా ఆ సంచి విప్పేది కాదు. చక్కెర డబ్బాను మాత్రం మా అన్న విప్పాడు, ఆటో టైరు పగిలిందని ఒకసారి, కిస్తీ తప్పిందని ఒకసారి. మా అమ్మ "దాని పైసలు అవి, మల్ల పెట్టు" అంది. "పెడ్త" అన్నాడు.

మే నెలలో సామాజిక తనిఖీ వాళ్లు వచ్చారు. తనిఖీ అంటే ఆఫీసర్లు అనుకున్నాం. వచ్చింది కూలోళ్ల పిల్లలే, నలుగురు. బడిలో పడుకుని, ఇంటింటికీ తిరిగి, మస్టరులో రాసిన పేర్లు చదివి "నువ్వు ఇన్ని దినాలు చేసినవా? పైసలు ముట్టినయా?" అని అడుగుతున్నారు. మా ఇంటికొచ్చిన పిల్ల పేరు శిల్ప. నాగర్‌కర్నూల్ దిక్కు పిల్ల. ఇంటర్ చదివింది. మాట మెత్తన, చూపు చురుకు.

మా అమ్మ ఆమెకు చాప వేసి మజ్జిగ ఇచ్చింది. శిల్ప రెండేళ్ల మస్టర్లు పక్కపక్కన పెట్టి చూసి అడిగింది.

"పెద్దమ్మా, యమున అంటే ఎవరు?"

"నా కోడలు."

"పోయినేడు యమున ఎంత ముద్దుగ సంతకం చేసింది సూడు. ఈ ఏడు ఏలుముద్రలున్నయ్. చదువు మర్చిపోయిందా?"

నేను గడపలోనే ఉన్నాను. ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చని నోరు తెరిచేలోపు మా అమ్మ రెండు చేతులూ చాపింది.

"అది నా ఏలు బిడ్డా. ఈ ఎడమది నాది. ఈ కుడిది నా కోడలిది. కలవకుంట పెట్టిన. నలభై మూడు దినాలు. ఒక్కటన్న తక్కువుంటే అడుగు."

శిల్ప ఆ బొటనవేళ్లను చూసింది. రెండూ పగిలి, చీలికల్లో సిరా దిగి నల్లగా ఉన్నాయి. నవ్వాలో రాయాలో తెలియనట్టు మస్టరు మీద పెన్ను ఆనించి, "మీ కోడలు యాడున్నది?" అంది.

"తల్లిగారింట్ల. ఒస్తది."

"ఎన్నడు పోయింది?"

"దసరాకు."

శిల్ప రాసుకుంది. పోతూ పోతూ నాతో అంది, "అన్నా, మీ అమ్మ దొంగ గాదు. కానీ కాయిదం మీద గట్లనే కనబడ్తది. మీ వదినను గ్రామసభకు పిలిపియ్యి. ఆమె మాట లేకుంట నేను ఏది తేల్చి రాయలేను."

వదిన సభకు వచ్చి, అప్పుడప్పుడు వచ్చి పని చేసి పోయానని, వేలు మాత్రం అత్త వేసిందని ఒక్క మాట చెబితే చాలు. నా నౌకరీ ఉంటుంది, ఇంటి పరువుంటుంది. ఆ మాట అడగడానికే మరునాడు పొద్దున బయల్దేరాను. మా అమ్మ బియ్యం సంచి నా భుజానికెత్తింది. "పిల్లకు ఇచ్చిరా" అంది.

వదిన తల్లిగారి ఊరు పెబ్బేరు దాటాక నాలుగు కిలోమీటర్లు. రెండు బస్సులు, ఒక ఆటో మారి పోయేసరికి ఎండ మండుతోంది. ఇంటి ముందు కొట్టంలో మేక ఉంది. పెంటమ్మ అబద్ధం చెప్పలేదు. దాని చుట్టూ రెండు పిల్లలు గంతులేస్తుంటే తేజస్విని వాటి వెంట పరుగెత్తుతోంది. వదిన నన్ను చూసి చెంబుతో నీళ్లిచ్చింది, తర్వాత జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తినేదాకా ఏమీ అడగలేదు.

సంచి ముందు పెట్టాను. మూతి విప్పి గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని చూసింది. పురుగు పట్టి ఉన్నాయి.

"చెరిగితే పోతది," అంది. సంచి ఎత్తి లోపల పెట్టి వచ్చింది. "మావే గద, తీసుకుంట."

"అమ్మ నీ పేరు తీయనియ్యలేదు వదినా. నువ్వొస్తవని."

"తెలిసింది. మూడుసార్లు మా మండలం ఆఫీసుకు పోయిన నా కార్డు నాకు రాయమని. ఆడ సారు కంప్యూటర్ల సూసి, నీ పేరు అత్తగారి ఊర్ల ఉన్నదమ్మా, పోయిన వారం గూడ పని చేసినవ్ అంటడు. నేను ఆయన ముందర నిలబడే ఉన్న. నా మొకం సూసుకుంటనే అంటడు, నువ్వు ఈడ లేవు, ఆడ గుంత తవ్వుతున్నవ్ అని." వదిన నవ్వింది. "నాకే అనుమానమొచ్చింది బాలూ, ఏమో, పోయిన్నేమో అని."

నేను కూడా నవ్వాను.

"మా ఊర్ల ఈ ఎండకు ఇంకో పని లేదు," అంది వదిన. "అందరు ఉపాధి పనికే పోతుండ్రు. నేను మేక కాడ కూసుంటున్న. బియ్యం గూడ గంతే. ఆడ పేరు తీసేసినట్టు కాయిదం తెస్తేనే ఈడ ఎక్కిస్తరంట. గా ఒక్క కాయిదం ఇప్పియ్యి నాకు."

"ఇప్పిస్త. కానీ జర నా మాట ఇను." నేను మెల్లగా చెప్పాను. సభలో అడుగుతారని, వారానికి రెండు మూడు రోజులు వచ్చి చేసి పోయానంటే చాలని, వాన పడ్డాక పేరు నేనే దగ్గరుండి తీయిస్తానని.

"చేసినంటే నా పేరు మీ కార్డులనే ఉంటది గద."

"ఈ ఒక్క ఏడు వదినా."

వదిన మేకపిల్ల ఒకదాన్ని ఎత్తుకుని దాని చెవిలోని గోమారి పురుగును గోటితో తీసి పారేసింది.

"ఈ ఏడు ఈ పిల్ల తినదా?"

నేను చెంబు కింద పెట్టి లేచాను. అన్న సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆటో దాకా సాగనంపడానికి వచ్చి, "సభ ఏ దినం?" అంది. చెప్పాను.

"ఒస్త. ఏమడిగితే అది చెప్త."

గ్రామసభ బడి ముందర వేపచెట్ల కింద పెట్టారు. పొద్దున ఎనిమిదికే చాపలు నిండాయి. మండలం నుంచి ఒక సారు వచ్చి కుర్చీలో కూచున్నాడు. మాజీ సర్పంచ్ కురుమూర్తి ఇంకో కుర్చీలో. మా అన్న లోపలికి రాలేదు. గేటు దగ్గర ఆటో ఆపి అందులోనే కూచున్నాడు. మా అమ్మ ఆడోళ్ల ముందు వరసలో ఉంది. వదిన వచ్చి ఆమె పక్కనే ఒక మనిషి పట్టే జాగా వదిలి కూచుంది. మా అమ్మ ఆమె పక్కన పిల్ల కోసం చూసింది.

"తేజ రాలేదా?"

"ఎండని తేలేదు అత్తా."

"మంచిపని చేసినవ్."

శిల్ప పేర్లు చదువుతూ వచ్చింది. ఒకరికి రెండు రోజులు తక్కువ పడ్డాయి, ఒకరికి పాసుబుక్కే రాలేదు. మా కార్డు వచ్చేసరికి గుసగుసలు ఆగాయి.

"యమున, నలభై మూడు దినాలు. యమునక్కా, నువ్వు చేసినవా?"

వదిన లేచి నిలబడింది. "చెయ్యలేదు."

"ఒక్క దినం గూడ?"

"ఒక్క దినం గూడ. దసరా నుంచి నేను తల్లిగారి ఊర్లనే ఉన్న."

కురుమూర్తి గొంతు సవరించుకున్నాడు. "మొగుడు పెండ్లాలన్నంక గొడవలు రావా? ఇయ్యాల అలుగుతది, రేపు ఒస్తది. దాన్ని మస్టర్ల దాకా తెస్తరా? ఆ పైసల్ల సగం పిల్లకు ఇప్పిస్తం. పేరు ఉన్నట్టే ఉండని. ఏమంటవ్ యమునా? పెద్దోల్ల మాట."

"సగం ఒద్దు పటేలా. ఆ కష్టం మా అత్తది. నా పేరు తీసి కాయిదం ఇయ్యుండ్రి, చాలు."

సారు నా వైపు చూశాడు. రానివాళ్లను వచ్చినట్టు రాసినందుకు నన్ను ఆ రోజు నుంచే పనిలోంచి ఆపుతున్నామన్నాడు. ఆ నలభై మూడు రోజుల కూలి, మూడు వేల పైచిలుకు, సగం నేను, సగం మా అమ్మ ప్రభుత్వానికి తిరిగి కట్టాలన్నాడు. గేటు దగ్గర ఆటో స్టార్టయిన చప్పుడు వినిపించింది. కాసేపు ఆగి మళ్లీ బందయింది. అన్న పోలేదు.

"ముందుగల ఆ పేరు కొట్టెయ్యి," అని సారు మా కార్డు నాకే ఇచ్చాడు. "నీ చేతి రాతనే గద."

నేను పెన్ను తీశాను. నీలం సిరా. యమున అన్న పేరు మీద గీత గీసి, పక్కన తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాను. తర్వాత శిల్ప చెప్పినట్టు తెల్లకాయితం మీద రాసి, సారు ముద్ర వేయించి వదినకిచ్చాను. ఆమె ఒకసారి చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఆ సంవత్సరం నేను రాసిన ఆఖరి సర్కారు కాగితం అదే.

శిల్ప తర్వాతి పేరు చదవబోతుంటే మా అమ్మ లేచింది. ఏడుపు లేదు. కోపం కూడా లేదు. లెక్క తేలని మనిషిలా ఉంది. రెండు చేతులూ సారు వైపు చాపింది.

"కట్టమంటే కడ్త సారూ. కానీ నాకు ఒకటి చెప్పు. పని చెయ్యకుంట పైసలు తీసుకుంటే తప్పు. నేను తవ్విన. గుంతలు ఆడనే ఉన్నయ్, పోయి సూడు. ఇద్దరి పని ఒక్కదాన్ని చేసిన, ఇద్దరి కూలి తీసుకున్న. దాంట్ల తప్పేంది?"

సారు రూలు చెప్పబోయాడు. మా అమ్మ ఆయన మాట వినకుండా వదిన వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు పిల్లా. నీ పేరు మీద నేను గుంత తవ్వితే తప్పయితదా?"

వదిన అప్పటికే పోవడానికి చెప్పులేసుకుంది. అట్లాగే నిలబడి, గేటు వైపు ఒకసారి చూసి, అత్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"తప్పో ఒప్పో నాకు తెల్వదత్తా. పోయిన ఎండకాలం నీ పెద్దకొడుకు గుంత, నా గుంత, రెండు గుంతలు నేనే తవ్విన. నువ్వు పక్కనుండి సూసినవ్, బాలు రాసిండు, పైసలు ఆయన తీసుకుండు. అప్పుడు ఒక్కలు గూడ అడగలే."